పుదుచ్చేరి ఎఱ్ఱమెట్టలు

పుదుచ్చేరి అనగానే ఎవరికైనా మొదట తోచేది సముద్రం. తీరాన బారులు తీరిన తెల్లని భవనాలు, ఫ్రెంచివారు దిద్దిన తిన్నని వీథులు, అలలు వచ్చి తాకే రాతికట్ట: యాత్రికులు వ్రాసిన వర్ణనలన్నీ తూర్పుముఖంగానే సాగుతాయి. పట్టణానికి వెనుకభాగం ఒకటి ఉన్నదన్న సంగతి ఆ వర్ణనలలో తఱచుగా కనబడదు. అది వాయవ్యదిశలో, కదిర్కామం అనే పేటకు ఎగువన ఉన్నది. అక్కడినుండి నేల ఎఱ్ఱబడుతుంది. పోను పోను అది పగిలి, లోయలుగా, బురుజులుగా, శిథిలగోపురాలుగా నిలుస్తుంది. ఈ ఎఱ్ఱనేల చరిత్ర పట్టణచరిత్రకంటె ఎంతో పాతది. పట్టణం బ్రతుకు మాత్రం మొదటినుండీ దానిని ఆశ్రయించుకొనే ఉన్నది.

కదిర్కామం పట్టణం నడిబొడ్డుకు నాలుగైదు కిలోమీటర్ల దూరాన ఉంటుంది. సింహళద్వీపంలో సుబ్రహ్మణ్యస్వామి వెలసిన కదిర్గామక్షేత్రం పేరే దీనికీ ఉన్నది. ఒకప్పుడు పల్లె, నేడు ఇండ్లు, అంగళ్ళు, ఒక ప్రభుత్వ వైద్యకళాశాల కలిసి క్రిక్కిఱిసిన పేట. అయినా కాలినడకన పోయేవాడు ఇక్కడ ఒక సంగతి గమనిస్తాడు. అంతవఱకు సముద్రమట్టాన్ని అంటిపెట్టుకొని వచ్చిన దారి ఇక్కడినుండి ఉత్తరంగా గోరిమేడువైపు మెల్లగా పైకి లేస్తుంది. 'మేడు' అన్న తమిళపదానికి మన మెట్టకు ఉన్న అర్థమే ఉన్నది. 'గోరి' తెలుగువాడు సమాధికి వాడే గోరీయే అంటారు. ఆ మెట్టమీదనే నేటి జిప్‌మర్ వైద్యసంస్థ నెలకొన్నది.

ఈ ఎత్తుకు ఫ్రెంచివారు 'లె మొంతాఞ్ రూజ్', అనగా ఎఱ్ఱపర్వతాలు అని పేరు పెట్టినారు. శ్రీశైలమో తిరుమలయో ఎక్కి దిగిన తెలుగు యాత్రికుడు ఈ మాట విని నవ్వుకోవచ్చును. గోరిమేడు దగ్గఱ ఎత్తు సుమారు 30 మీటర్లు; ఇంకా లోపలికి పోగా ఎక్కడనో నూఱు మీటర్లకు చేరుతుంది. కాని పేరు పెట్టినవారు ఓడమీద వచ్చినవారని మఱవరాదు. కోరమండల తీరం చేటలో పోసి చదును చేసినట్లు ఉంటుంది. తాటితోపులు, ఇసుక, నురుగు తప్ప మఱేమీ ఎఱుగని ఆ గీత వెనుక ఎఱ్ఱగా లేచిన మెట్ట నావికుని కంటికి పర్వతమై తోచడంలో వింత లేదు.

ఈ రాతికి భూగర్భ శాస్త్రజ్ఞులు కడలూరు ఇసుకరాయి అని పేరిడినారు. పందొమ్మిదవ శతాబ్దపు నడుమ దక్షిణ ఆర్కాటు ప్రాంతాన్ని పరిశీలించిన హెన్రీ బ్లాన్‌ఫర్డు దీనిని వర్ణించినవారిలో ముఖ్యుడు. రాయి అన్న మాటేగాని ఇది మన నల్లరాయివంటిది కాదు. కోటానుకోట్ల ఇసుకరేణువులను, గులకలను, మెత్తని బంకమట్టిని పొరలుపొరలుగా పేర్చి ఇనుపతుప్పుతో అతికించినట్లుంటుంది. ఆ తుప్పే దీని రంగు. పొరను బట్టి ఒకచోట నెత్తురు వన్నె, ఒకచోట పసుపు, నడుమ సుద్దవంటి తెలుపు, అక్కడక్కడ నేరేడుపండు చాయ. పై పొర గట్టిపడి గొడుగువలె నిలుస్తుంది. క్రింది మెత్తని పొర వానకు కరిగిపోతుంది. ఆ తారతమ్యంవల్లనే స్తంభాలు, కోటగోడలవంటి అంచులు ఏర్పడినవి. చూచేవాడు శిల్పమని భ్రమపడతాడుగాని, ఇందులో చెక్కినదానికంటె కొట్టుకొనిపోయినదే ఎక్కువ.

భారతీయులకు ఈ రంగు క్రొత్తది కాదు. సంస్కృతంలో గైరికం, హిందీలో గేరూ, తెలుగులో జేగురు. మన ఇండ్లలో అరుగు అంచుకు దిద్దేది, ఉత్తరాదిన గోడమీద బొమ్మలకు వాడేది, సన్యాసి వస్త్రానికి వన్నె ఇచ్చేది అదే. మేఘదూతంలోని యక్షుడు ప్రియురాలి రూపాన్ని శిలమీద గీయడానికి తీసుకొన్నదీ ధాతురాగమే. కవులకు ఎఱ్ఱరాయి పర్వతానికి అలంకారం. శాస్త్రజ్ఞునికి అది గాలి, నీరు, ఇనుము కలిసి చేసిన పని. ఇద్దఱి మాటా నిజమే. మెట్టల చరిత్ర తెలుసుకోవలెనంటే మాత్రం రెండవవానిని వెంటబెట్టుకొని పోవడం మంచిది.

అట్లా పోతే కదిర్కామానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో తిరువక్కరై అనే గ్రామం తగులుతుంది. మార్గంలో యాత్రికుడు పుదుచ్చేరి ఎల్లను, తమిళనాడు ఎల్లను ఎన్నిసార్లు దాటుతాడో లెక్క ఉంచుకోవడం కష్టం. ఫ్రెంచివారికి, నవాబులకు, ఆంగ్లేయులకు నడుమ జరిగిన బేరాలలో ముక్కలుముక్కలుగా చేతులు మాఱిన భూమి ఇది. 1954 నవంబరు 1న పాలన భారతదేశం చేతికి వచ్చినది, 1962 ఆగస్టు 16న న్యాయరీత్యా విలీనం పూర్తి అయినది. ఎల్లల అతుకులు మాత్రం అట్లానే నిలిచినవి. ఎఱ్ఱనేల ఆ గీతలను గుఱుతించదు.

తిరువక్కరైలో ఎఱ్ఱమట్టిమీద చెట్లు పడి ఉన్నవి. దూరాన చూచి కలపఅడితి అనుకొన్నవాడు దగ్గఱకు వచ్చి తాకితే రాయి. మానుల వలయాలు, కొమ్మ వెడలిన కణుపు, బొద్దెలో పురుగు తొలిచిన తొఱ్ఱ కూడ రాతిలో దిగిపోయి కనబడతాయి. వీటి వయస్సు సుమారు రెండు కోట్ల సంవత్సరాలని చెప్పుతారు. చాలా మ్రాకులకు బెరడు లేదు, కొమ్మలు లేవు, ఆకు ఆనవాలు లేదు. కాబట్టి అవి ఇక్కడ పెరిగినవి కావు. ఎక్కడనో పడమటి అడవిలో పెరిగి, వఱదలో కొట్టుకొని వచ్చి, ఇసుకలో పూడిపోయి, శిలలైనవి. వీటిని ఐరోపా పండితులకు మొదట ఎఱుకపఱచినవాడు పియెర్ సొన్నెరా అనే ఫ్రెంచి ప్రకృతిశాస్త్రజ్ఞుడు, అది 1781. తరువాత భారతీయ వృక్షావశేషశాస్త్రానికి పితామహుడనదగిన బీర్బల్ సాహ్నీ కూడ ఈ శిలావృక్షాలపై దృష్టి నిలిపినాడు. 1940లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ఇక్కడ రక్షితవనాన్ని ఏర్పఱచినది. ఆ ఊరిలోనే చంద్రమౌళీశ్వరుని ఆలయం ఉన్నది; తిరుజ్ఞానసంబంధులు కీర్తించిన స్థలం, చోళరాణి సెంబియన్ మహాదేవి రాతితో పునర్నిర్మింపజేసినది. రాణి కట్టించిన రాతిని చూడ వచ్చే భక్తులలో ఎందఱు ఆ రాతి మ్రాకులవైపు తిరిగి చూస్తారో చెప్పడం కష్టం.

ఇంకొంచెం లోతుకు పోతే నేల మఱొక కథ చెప్పుతుంది. 1840లలో మద్రాసు ప్రభుత్వోద్యోగులైన కే, కన్‌లిఫ్ అనే ఇద్దఱు పుదుచ్చేరి పరిసరాల సున్నపురాతిలో శంఖాలను, నత్తలను, అనేక సముద్రజీవుల శిలారూపాలను ఏఱినారు. వాటిని లండనులో ఎడ్వర్డు ఫోర్బ్సు వర్ణించి 1846లో ప్రకటించినాడు. వాటిలో కొన్ని ఏడు కోట్ల ఏండ్ల నాటివి. అనగా క్రింది అంతస్తు సముద్రం. దానిమీద ఏఱులు తెచ్చి పోసిన ఇసుక, కొట్టుకొని వచ్చిన అడవి. అన్నిటిపైన ఎఱ్ఱని కప్పు. నేడు తూర్పున అల్లాడే కడలి ఒకప్పుడు మెట్టలక్రింద ఉండినదని గ్రహించినవానికి పుదుచ్చేరి తీరం అంత స్థిరంగా కనబడదు.

మనుష్యుల చరిత్రలో ఈ మెట్టలు పెద్దగా కనబడేది ఒక యుద్ధసందర్భంలో మాత్రమే. 1760లో ఐర్ కూట్ సేనలతో వచ్చి పుదుచ్చేరిని చుట్టుముట్టినప్పటి వృత్తాంతం వ్రాసిన రాబర్ట్ ఓర్మ్ పట్టణానికి ఆవలి ఎత్తులను, అందులో 'రెడ్ హిల్' అనే ఎఱ్ఱమెట్టను పేర్కొన్నాడు. ఆనాడు పట్టణానికి దూరంగా నాగజెముడువంటి ముండ్లపొదలతో పెంచిన దట్టమైన కంచె ఒకటి అర్ధచంద్రాకారంగా ఉండేది. రాదారులు దానిని దాటే చోట్ల బురుజులు. సెప్టెంబరులో ఆంగ్లసేన ఆ కంచెను పట్టుకొన్నది. ఎత్తు శత్రువు చేతికి పోయినది, లోపలి పల్లెలనుండి ధాన్యం రావడం నిలిచినది. తరువాత జరిగినదంతా ఆకలి. 1761 జనవరి 16న లాలీ లొంగిపోయినాడు. గెలిచినవారు పట్టణాన్ని నేలమట్టం చేసినారు. పాతికేండ్లు దినచర్య వ్రాసిన ఆనందరంగ పిళ్ళె ఆ పతనాన్ని చూడలేదు. అంతకు నాలుగు దినాల ముందే, జనవరి 12న కన్నుమూసినాడు. ఆయన పేర కస్తూరి రంగకవి తెలుగులో ఛందోగ్రంథం రచించినాడన్న సంగతి తెలుగు పాఠకులకు ఆ ఊరితో ఉన్న బంధుత్వాన్ని గుర్తుచేస్తుంది.

యుద్ధంకంటె పెద్ద సంగతి నీరు. పుదుచ్చేరి ఉద్యానంలో, నేడు భారతి పేర పిలిచే తోట నడుమ, తెల్లని మండపం ఒకటి ఉన్నది. దానిని ఆయి మండపం అంటారు. కథ ఇట్లా చెప్పుకొంటారు. విజయనగర ప్రభువు ఈ దారిన పోతూ సాయంకాలం దీపాలతో వెలుగుతున్న ఒక భవనాన్ని చూచి దేవాలయమనుకొని చేతులు జోడించినాడు. ఆ ప్రభువు కృష్ణదేవరాయలేనని కొందఱు, ఆయన మంత్రి అని కొందఱు. అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసి, సిగ్గుతో కోపించి, పడగొట్టుమన్నాడు. ఆమె గడువు కోరి, ఇంటిని తన చేతనే కూలద్రోయించి, ఆ చోట జనానికి నీటికొలను త్రవ్వించినది. రాయలనుగూర్చి తెలుగునాట ప్రచారంలో ఉన్న వందల కథలలో ఇది లేదు. ఉండి ఉంటే బాగుండేదేమో, ఎందుకంటే ఇందులో మహనీయత రాజుది కాదు.

నెపోలియన్‌-3 చక్రవర్తిగా ఉన్న కాలంలో, అనగా 1852-1870ల మధ్య, పట్టణంలో మంచినీటికి కఱవు ఏర్పడినది. సముద్రం ప్రక్కన త్రవ్విన బావినీరు ఉప్పన. అప్పుడు లామెరెస్ అనే ఫ్రెంచి ఇంజనీరు ముత్తిరయర్‌పాళయం ఊటలనుండి కాలువ తీసి నీటిని పట్టణానికి చేర్చినాడు. ఆయి కథ విన్న చక్రవర్తి ఆమె పేర మండపం కట్టుమని ఆజ్ఞాపించినాడట. ముత్తిరయర్‌పాళయం కదిర్కామానికి పొరుగు. ఎఱ్ఱమెట్టలు మైదానంలోకి దిగే పాదం దగ్గఱి నేల. యాత్రికులు మండపాన్ని చూచి వెళ్ళిపోతారు. నీరు అక్కడనే ఎందుకు ఊఱినదన్న ప్రశ్న అడిగినవారు తక్కువ.

సమాధానం మెట్టల కట్టడంలోనే ఉన్నది. ఇసుకపొర నీటిని పీల్చుకొంటుంది, బంకమట్టిపొర దానిని క్రిందికి జాఱనీయదు. ఎగువన కురిసిన వాన ఆ రెండిటి నడుమ చిక్కుకొని, వాలువెంట సముద్రంవైపు మెల్లగా నడిచి, పల్లంలో త్రోవ దొరికినచోట ఒత్తిడితో పైకి వస్తుంది. 1870ల చివర పట్టణంలో లోతుగా గొట్టాలు దించి చూడగా తోడకుండానే నీరు ఎగజిమ్మినది. ఆ బావులను భూగర్భ సర్వేక్షణ శాస్త్రజ్ఞుడైన విలియం కింగ్ పరిశీలించి, మద్రాసులో ఇటువంటివి సాధ్యమగునా అని 1880లో ఒక వ్యాసం వ్రాసినాడు. మన పురాణభాషలో దీనిని పాతాళగంగ అనవచ్చును. కాని ఈ గంగ పుట్టుక పాతాళంలో కాదు, ఎఱ్ఱమెట్టల మీద. అక్కడ వాననీరు నేలలోకి ఇంకితేనే ఇక్కడ కడవ నిండుతుంది. ఇంకిన దానికంటె తోడినది ఎక్కువైతే సముద్రపు ఉప్పునీరు లోపలికి చొచ్చుకొని వస్తుంది. తీరపు బావులలో ఆ పని ఇప్పటికే మొదలైనది.

ఇక యాత్రికులను ఆకర్షించే ఎఱ్ఱలోయల మాట. పట్టణానికి ఉత్తరంగా బొమ్మయ్యపాళయం, ఆరోవిల్ ప్రాంతాలలో ఇవి సొగసుగా కనబడతాయి. ఉదయపు ఏటవాలు వెలుగులో అంచులు నిప్పురవ్వలవలె మెరుస్తాయి. అడుగున నిలిచి తల ఎత్తితే ఆకాశం సన్నని నీలిపట్టీ. ఇటీవల యువజనులు ఛాయాచిత్రాలకోసం గుంపులుగా వస్తున్నారు. వారిలో చాలామంది ఇది అనాదిగా ఇట్లానే ఉన్నదని భావిస్తారు. కాదు. ఈ మెట్టలమీద ఒకప్పుడు ఆకురాలని పొట్టి అడవి దట్టంగా ఉండేది. దాని శేషాలు గ్రామదేవతల తోపులలో దాగి ఉన్నవి. పుదుప్పట్టు అయ్యనారు గుడిచుట్టు ఉన్న వనం అందులో పేరెన్నికగన్నది. దేవుని భయం లేనిచోట వంటచెఱకుకు, కట్టడపు కలపకు, పశువుల మేతకు, సాగుకు అడవి కరిగిపోయినది. ఈ తీరంలో ఏడాదికి 1,200 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం అక్టోబరునుండి డిసెంబరువఱకు వచ్చే ఈశాన్య ఋతుపవనానిది. చెట్టు నీడ లేని నేలమీద ఆ వాన చినుకులుగా కాక దెబ్బలుగా పడుతుంది. మొదట గీత, తరువాత గాడి, ఆ మీదట లోయ. వానాకాలంలో తీరపుసముద్రం ఎఱ్ఱబడేదని పెద్దలు చెప్పుకొనేవారు.

ప్రాచీన తమిళ సంకలనమైన కుఱుందొగైలో ఒక కవి ఉన్నాడు. అతని అసలు పేరు ఎవరికీ తెలియదు. ఎఱ్ఱనేలపై పడిన వాననీటిని ప్రేమికుల హృదయాలకు పోల్చినందున సంకలనకర్తలు ఆ పోలికనే పేరుగా పెట్టి 'సెంబులప్పెయనీరార్' అన్నారు. మట్టిరంగు నీటికి, నీటితడి మట్టికి అంటుకొని రెండూ విడదీయరానివి కావడం అతడు చూచినది. అడవి నిలిచి ఉన్న నేలమీద ఆ కలయిక నిజం; నీరు అక్కడనే ఆగి, ఇంకి, మట్టిని బ్రతికిస్తుంది. అడవి పోయిన మెట్టలమీద కలిసిన రెండూ చేయి చేయి పట్టుకొని సముద్రంలోకి వెళ్ళిపోయినవి. రెండు వేల ఏండ్లనాటి ఆ ఉపమానానికి ఇటువంటి వ్యాఖ్య వ్రాయవలసి రావడం విచారకరం.

1968 ఫిబ్రవరి 28న ఆరోవిల్ ప్రారంభోత్సవం జరిగినప్పుడు 124 దేశాలనుండి పిడికెడేసి మట్టి తెచ్చి కమలాకారపు పాత్రలో పోసినారు. లోకమంతటి మట్టి వచ్చి చేరిన ఆ పీఠభూమి తన మట్టిని మాత్రం ఏటేటా కడలికి అర్పించుకొంటూ ఉండినది. తరువాత అక్కడ స్థిరపడినవారు, పరిసరగ్రామాల కూలీలు కలిసి వాలుకు అడ్డంగా గట్లు వేసినారు, గాడులకు అడ్డకట్టలు కట్టినారు, మొదట ఎండకు తాళే తుమ్మజాతి చెట్లు నాటి, వాటి నీడన పాత అడవిజాతులను పెంచినారు. నేటి పచ్చదనం ప్రకృతి తిరిగి ఇచ్చినది కాదు, పలుగు పాఱలతో సంపాదించినది. ఆరోవిల్ ఆశయాలను గూర్చి ఎవరి అభిప్రాయం ఏమైనా, ఈ పని మాత్రం కంటికి కనబడుతున్నది.

తెలుగువారికి ఇక్కడ ఒక పోలిక తోచక మానదు. మనకూ ఎఱ్ఱనేలలు ఉన్నవి. గండికోట దగ్గఱ పెన్న ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పాఱుతుంది. అది వందకోట్ల ఏండ్లకు పైబడిన గట్టి రాయి, దానితో ఈ మెట్టలకు పోలిక రంగువఱకే. విశాఖపట్నానికి, భీమునిపట్నానికి నడుమనున్న ఎఱ్ఱమట్టి దిబ్బలు మాత్రం చూపుకు వీటి కవల పిల్లలు. అవే గోడలు, అవే వంకరలు తిరిగే లోయలు. కాని వాటి పుట్టుక వేఱు. వేలాది సంవత్సరాల క్రిందట సముద్రమట్టం దిగినప్పుడు బయటపడిన ఇసుకను గాలి మోసి పోగుచేయగా, లోపలి ఇనుము మెల్లగా ఎఱ్ఱబడగా, వానలు కోసిన సహజరూపాలవి. అందువలన 2014లో భూవారసత్వస్థలంగా గుర్తింపు పొందినవి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినవి. 2024లో వాటి అంచున యంత్రాలతో చదును చేయగా విశాఖలో ప్రజలు అభ్యంతరం చెప్పినారు. ఆ అభ్యంతరం న్యాయమైనది. అక్కడి లోయ పూడ్చితే వేల ఏండ్ల సముద్రచరిత్ర పూడిపోతుంది.

పుదుచ్చేరిలో న్యాయం దీనికి విపర్యయం. ఇక్కడి గాడిని సొగసని కాపాడితే పట్టణం తాగే నీరు పోతుంది. రెండు చోట్లా చూడ వచ్చినవాడు ఒకే రంగును చూస్తాడు, ఒకే మెచ్చుకోలు చెప్పుతాడు. ఒకదానిని ముట్టుకోరాదు, ఒకదానికి కట్టుకట్టవలెను. చిత్రమైన సంగతి ఏమంటే, కట్టుకట్టిన కొలదీ ఇక్కడి దృశ్యం తగ్గిపోతున్నది. అడ్డకట్టల వెనుక మట్టి పేరుకొని లోయలు మెట్టబడుతున్నవి, గోడలమీద వేళ్ళు ప్రాకుతున్నవి. పది పదిహేనేండ్ల క్రిందటి ఛాయాచిత్రాన్ని చేతబట్టుకొని వచ్చిన యాత్రికుడు ఆ గోపురం ఎక్కడ అని వెదకి, ఆకులమధ్య ఒక ఎఱ్ఱని మూపును మాత్రం చూచి, కొంత నిరాశతో కదిర్కామం మీదుగా పట్టణానికి తిరిగిపోతాడు. దారిలో ముత్తిరయర్‌పాళయం దగ్గఱ దాహం వేసి ఎవరి వాకిటనైనా అడిగితే, చెంబుతో ఇచ్చే నీరు ఆ మెట్టలమీద ఏనాడో ఇంకిన వానే.